రెండు ఇంజన్లు, ఒకే వ్యాగను: ఉత్తర వేల్స్ తీరపు రైలు కబుర్లు

(సికింద్రాబాద్‌లో రైలు అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగంమంది లాలాగూడ షెడ్డు కరెంటు ఇంజను డబ్ల్యూఏపీ-7ని కళ్ళు మూసుకుని హారన్ విని గుర్తుపట్టగలరు. కాబట్టి “రైళ్ళు చూడ్డమేంటండీ, పనీపాటా లేదా” అన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు చెప్పుకోవాల్సిన పని లేదు. నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఉద్యోగం పుణ్యమా అని కొన్నేళ్ళు చెస్టర్‌లో ఉన్నాను. ఇంగ్లండ్ అయిపోయి వేల్స్ మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. అక్కడి నుంచి హోలీహెడ్ దాకా సముద్రం ఒడ్డునే సాగే లైను ఉంది, దాదాపు 136 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి కాజీపేట వెళ్ళినంత దూరం. హోలీహెడ్‌లో పట్టాలు ఆగిపోతాయి, ఓడ ఎక్కితే డబ్లిన్. అసలు ఆ లైను వేసిందే లండన్ ఉత్తరాలు డబ్లిన్‌కి తొందరగా చేర్చడానికి. ఐరిష్ మెయిల్ అనే బండి 1848లో మొదలైంది.

అక్కడ నన్ను మొదట పట్టేసిన బండి మాత్రం మెయిలూ కాదు, ఎక్స్‌ప్రెస్సూ కాదు. రెండు డీజిల్ ఇంజన్లు జంటగా వచ్చేవి, వెనక ఒకే ఒక్క వ్యాగను. మహా అయితే రెండు. ఇంత చిన్న బరువుకి అంత శక్తి ఎందుకు? పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని అడిగితే చెప్పాడు. ఆంగ్లసీ దీవిలో విల్వా అనే అణువిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ వాడేసిన ఇంధనాన్ని 50 టన్నుల ఉక్కు పెట్టెలో పెట్టి, లారీ మీద వేలీ స్టేషన్ దాకా తెచ్చి, క్రేనుతో వ్యాగన్ మీదికి ఎక్కించి, కంబ్రియాలోని సెల్లాఫీల్డ్ అణు ఇంధన కేంద్రానికి పంపుతారు. దారిలో ఒక ఇంజను మొరాయిస్తే రెండోది లాక్కుపోవాలి. అలాంటి సరుకు ఊరి మధ్యలో ఆగి కూర్చోకూడదు కదా.

ఆ పెట్టె ఎంత గట్టిదో జనానికి చూపించాలని 1984లో ఒక పరీక్ష పెట్టారు. లీస్టర్‌షైర్‌లోని ఓల్డ్ డాల్బీ దగ్గర పట్టాలకి అడ్డంగా ఒక పెట్టె పడేసి, డ్రైవరు లేని ఇంజనుకి మూడు బోగీలు తగిలించి, గంటకి 160 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు. ఇంజను నుజ్జునుజ్జయింది, పెట్టె మాత్రం పగల్లేదు. ఆ ఇంజను నంబరు 46009. ఈ నంబరు మీకు చెప్పకుండా వెళ్తే నాకు ఇవాళ నిద్ర పట్టదు.

విల్వాలో చివరి రియాక్టరు 2015 డిసెంబరు ఆఖర్న ఆగింది. మిగిలిన ఇంధనం తరలింపు 2019లో పూర్తయింది. ఆ తర్వాత ఆ బండి లేదు. విద్యుత్ కేంద్రం మూతపడ్డ వార్త పేపర్లలో ఒక్కరోజు వచ్చి పోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడేవాళ్ళు దాన్ని నాలుగేళ్ళ పాటు, వ్యాగను తర్వాత వ్యాగనుగా రాసుకున్నారు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ తీరంలో రైలు వార్త అంటే ఏదో ఒకటి మామూలుగా లేకపోవడం. దాని వెనక కారణం వెతుక్కుంటూ పోతే ఒక ఊరి కథో, ఒక ప్రమాదమో, సముద్రమో దొరుకుతుంది. నంబరు రాసుకోవడం అందుకు ఒక సాకు.

నంబర్ల పిచ్చి పుట్టిన సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో, సదరన్ రైల్వేలో పనిచేసే ఇయాన్ అలన్ అనే కుర్రాడు ఇంజను నంబర్లన్నీ కలిపి ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇంజన్ల వివరాలు అడుగుతూ ఆఫీసుకి వచ్చే ఉత్తరాలకి జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి వేశాడంటారు. కాపీలు ఇట్టే అమ్ముడుపోయాయి. తర్వాత పిల్లలంతా పెన్సిలు పట్టుకుని ప్లాట్‌ఫారాల మీదే. ఇప్పటి నంబరు పద్ధతి తేలిక. అయిదంకెల్లో మొదటి రెండూ ఇంజను తరగతి, మిగతా మూడూ దాని వరస. ప్రతి బండికీ నాలుగక్షరాల కోడ్ కూడా ఉంటుంది. 1తో మొదలైతే ఎక్స్‌ప్రెస్, 5 అయితే ఖాళీ బోగీలు, 6 అయితే గూడ్సు, 0 అయితే ఒట్టి ఇంజను. ఈ సమాచారమంతా అక్కడి రైల్వే జనానికి తెరిచి పెట్టింది. ఫోన్‌లో చూసుకుని, సరిగ్గా అయిదు నిమిషాల ముందు వంతెన మీదికి వెళ్ళి నిలబడొచ్చు. మన దగ్గర ప్లాట్‌ఫారం మీద పెద్ద కెమెరా తీస్తే ఎవరో ఒకరు వచ్చి “ఏం చేస్తున్నావ్” అంటారు. అక్కడ పసుపు గీత దాటకు, ఫ్లాష్ వాడకు అని మాత్రం చెప్తారు. డ్రైవరు చెయ్యి ఊపుతాడు కూడా.

ఇక లైను సంగతి. ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్. మొదలే అపశకునం. చెస్టర్‌లో డీ నది మీద ఆయన పోత ఇనుప దూలాలతో కట్టిన వంతెన 1847 మేలో రైలు కింద విరిగి అయిదుగురు చనిపోయారు. పోత ఇనుముకి నొక్కుడు తట్టుకునే శక్తి ఉంటుంది, సాగదీస్తే పుటుక్కున విరుగుతుంది. ముందున్న రెండు పెద్ద వంతెనలకి ఆయన అప్పటికే వేరే దారి పట్టాడు. ఇనుప రేకుల్ని రివెట్లతో బిగించి, పొడుగాటి డబ్బాలా ఉండే గొట్టం కట్టి, దాని లోపలి నుంచి రైలు పోనివ్వడం. విలియం ఫెయిర్‌బర్న్ అనే ఇంజనీరు నమూనాలు చేసి, విరిగేదాకా బరువు పెట్టి చూశాడు.

అందులో ఒకటి కాన్వీలో ఉంది. ఒక్కో లైనుకి ఒక్కో గొట్టం. ఒక్కోటి 120 మీటర్ల పైమాటే, వెయ్యి టన్నులకి మించిన బరువు. ఒడ్డునే కట్టి, పడవల మీద పెట్టి, పోటు వచ్చినప్పుడు నీటి మీద తేల్చుకెళ్ళి, హైడ్రాలిక్ జాకీలతో పైకెత్తారు. 1848 నుంచి అందులో బళ్ళు నడుస్తున్నాయి. 1899లో కింద అదనంగా రెండు స్తంభాలు పెట్టారు, అంతే. పక్కనే 13వ శతాబ్దంలో ఎడ్వర్డ్ రాజు కట్టించిన కోట. కోటకి తగ్గట్టుగా గొట్టం మూతి దగ్గర కూడా బురుజులు కట్టారు. కోట గోడ మీద నిలబడి చూస్తే రైలు ముక్కు గొట్టంలో దూరుతుంది, తోక ఇంకా బయటే ఉంటుంది, లోపలి నుంచి డబడబమని ఒక మోత వస్తుంది. 1848 నాటి రివెట్ల తలలు వరసలు వరసలుగా కనబడతాయి.

రెండోది బ్రిటానియా వంతెన. ఆంగ్లసీకి వెళ్ళే జలసంధి మీద 1850లో తెరిచారు. ఇదే పద్ధతి, ఇంకా పెద్దది. 1970 మే 23 రాత్రి కొందరు కుర్రాళ్ళు గబ్బిలాల కోసమో పిట్టల కోసమో లోపల కాగడాతో తిరిగారు. గొట్టం పైన తారు పూసిన చెక్క కప్పు ఉండేది. అది అంటుకుంది. తెల్లారేసరికి గొట్టాలు వేడికి వంగిపోయాయి. ఓడలు హేషమ్ రేవుకి మళ్ళాయి. అప్పుడే మూసేసిన కార్నార్వన్ లైనుని కంటెయినర్ల కోసం మళ్ళీ తెరిచారు. కింద ఉక్కు కమానులు కట్టి 1972లో రైళ్ళు నడిపారు, 1980లో పైన రోడ్డు వేశారు. రెండు కొసల దగ్గరా రాతి సింహాలు ఉన్నాయి, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనబడవు. రైల్లో కిటికీకి ముఖం ఆనించి కూర్చుంటే చూడొచ్చు. ఇప్పుడక్కడ ఒకటే ట్రాకు, కాబట్టి ఎదురు బండి ఆలస్యమైతే మీ బండీ ఆగుతుంది. ఆ ఆలస్యానికి మూలం 1970లో ఉంది.

పెన్‌మైన్‌మౌర్ దగ్గర కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. కట్ట వేస్తుండగా 1846 తుఫానులో అది అలలకి కొట్టుకుపోయింది. అప్పుడు స్టీఫెన్‌సన్ అలతో తలపడడం మానేసి, కింద ఖాళీలు వదిలి స్తంభాల మీద లైను వేశాడు. నీళ్ళు కింద నుంచి పోతాయి. ఆ తీరంలో తుఫాను హెచ్చరిక వస్తే ఇప్పటికీ అందరూ ముందు అడిగేది సముద్రం ఎక్కడిదాకా వచ్చిందని. 2024 డిసెంబరులో డారా తుఫానుకి హోలీహెడ్ రేవే దెబ్బతింది. క్రిస్మస్‌కి ఓడలు లేవు. జనవరి మధ్యలో గాని తిరిగి మొదలవలేదు.

ఇదే లైను మీదున్న అబర్‌గెలె అనే ఊరి గురించి కాస్త ఆగి చెప్తాను. 1868 ఆగస్టు 20, మధ్యాహ్నం. వెనక ఐరిష్ మెయిల్ వస్తోందని తెలిసి, లాన్‌దులాస్‌లో ఒక గూడ్సుని పక్కకి తప్పిస్తున్నారు. సైడింగులో చోటు చాలక కొన్ని వ్యాగన్లని మెయిన్ లైను మీదే, వాలులో, బ్రేక్ వ్యాన్ ఒక్కదాని భరోసా మీద వదిలారు. షంటింగులో మరికొన్ని వ్యాగన్లు వచ్చి వాటిని గుద్దాయి, బ్రేకు పాడైంది, అన్నీ వెనక్కి దొర్లుకుంటూ పోయాయి. రెండింటిలో పారఫిన్ నూనె పీపాలు. మెయిల్ డ్రైవరు చూసేసరికి దూరం లేదు. ముందు బోగీలన్నీ మంటల్లో కాలిపోయి 33 మంది చనిపోయారు. ఎవరు ఎవరో గుర్తుపట్టే వీల్లేక అబర్‌గెలె చర్చి ఆవరణలో అందరినీ ఒక్కచోటే పాతిపెట్టారు. అప్పటికి బ్రిటన్‌లో అంత ఘోరమైన రైలు ప్రమాదం లేదు.

వేగం కోసం ఆ మెయిల్‌కి ఎన్ని చేశారో చూడండి. నీళ్ళకి ఆగకుండా 1860లో మోఖ్‌ద్రె దగ్గర పట్టాల మధ్య తొట్టి పెట్టి, పరిగెత్తే ఇంజను గరిటె దించి నీళ్ళు తోడుకునేలా చేశాడు జాన్ రామ్స్‌బాటమ్. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది.

ఇప్పటి కబుర్లకి వద్దాం. 1990ల్లో ఈ తీరం మీద ప్యాసింజర్లని 37వ తరగతి డీజిల్ ఇంజన్లు లాగేవి. వాటి గొంతుకి జనం పెట్టిన పేరు ట్రాక్టర్లు. కేవలం ఆ శబ్దం కోసం దేశమంతటి నుంచి మనుషులు వచ్చి, తల కిటికీ బయట పెట్టి, రోజంతా అటూ ఇటూ తిరిగేవారట. తర్వాత విడిగా ఇంజను అక్కర్లేని డీజిల్ సెట్లు వచ్చాయి. 175వ తరగతి సెట్లలో 2023 మొదట్లో వరసగా మంటలు వచ్చాయి, ఆ ఏడాది అక్టోబరు కల్లా అన్నీ వెళ్ళిపోయాయి. ఇప్పుడు న్యూపోర్ట్‌లో తయారైన 197లు. కొత్తగా, శుభ్రంగా ఉన్నాయి. ఫొటోకి మాత్రం ఏమంత బాగుండవు, నా మాట నమ్మండి. అభిమానులు పడిచచ్చేది హోలీహెడ్, కార్డిఫ్ మధ్య నడిచే బండికి. 67వ తరగతి ఇంజను, ఒకప్పుడు లండన్, ఎడిన్‌బరో మధ్య తిరిగిన బోగీలు, ఫస్ట్ క్లాసులో వేడి భోజనం. ఇంజను లాగే బండి ఎక్కడం మనకి రోజువారీ సంగతి. అక్కడ అదే పండగ.

కరెంటు? 2023 అక్టోబరులో అప్పటి ప్రధాని రిషి సునాక్ వంద కోట్ల పౌండ్లతో ఈ లైనుకి తీగలు వేస్తామన్నారు. స్తంభం ఒక్కటీ లేవలేదు. లండన్ నుంచి వచ్చే కొత్త 805 రైళ్ళు క్రూ జంక్షన్ దాకా తీగ కింద నడిచి, అక్కడి నుంచి డీజిల్‌కి మారతాయి. సిగ్నళ్ళ సంగతి చూస్తే, 2018లో రిల్, ప్రెస్టాటిన్, అబర్‌గెలె కేబిన్లు మూతపడి, పని దక్షిణాన కార్డిఫ్‌కి పోయింది. ఆంగ్లసీ వైపు ఇంకా కొన్ని పాత కేబిన్లు, రెక్క వాలే సిగ్నళ్ళు ఉన్నాయి. 2025 నవంబరులో విల్వాలో చిన్న రియాక్టర్లు కడతామని ప్రభుత్వం ప్రకటించగానే, మా నోట్‌బుక్ పెద్దాయన నుంచి మెసేజ్ వచ్చింది, వేలీలో క్రేను ఉంచుతారంటావా అని.

మీలో ఎవరైనా అటు వెళ్తే లాండుడ్నో జంక్షన్‌లో దిగండి. అక్కడి నుంచి కాన్వీ నడిచి వెళ్ళేంత దగ్గర. ఊరి పాత ప్రహరీ మీద నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఆ గోడని చీల్చుకునే రైలు పోతుంది. గొట్టం మోత వినాలంటే కోట టికెట్ కొనక తప్పదు. గొడుగు నమ్ముకోవద్దు, గాలికి తిరగబడుతుంది, రెయిన్‌కోటు తీసుకెళ్ళండి. ఇక ప్రశ్నలు అడగండి. రైలు టికెట్ ధరలు మాత్రం అడగొద్దు, రూపాయల్లోకి మార్చి చెప్తే ఇక్కడెవరూ బయల్దేరరు.