బర్రె ఎగిరె!

అంగన్‌వాడీ టీచర్లకు, అమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం. ‘కాకి ఎగిరె, పిచ్చుక ఎగిరె’ ఆట మన పాలమూరులో ఆడని ఇల్లు లేదు కదా. మధ్యలో ‘బర్రె ఎగిరె’ అనగానే మూడేళ్ల పిల్ల చెయ్యి లేపేస్తుంది. బర్రె ఎగరదని ఆ పిల్లకు తెలియదా? పొద్దున లేస్తే చూసేది దాన్నే, అయినా చెయ్యి ఆగదు. ఆరేళ్ల అక్క మాత్రం ఆపుకుంటుంది, ఆపుకొని చెల్లిని చూసి నవ్వుతుంది కూడా. పిల్లల్లో ఈ శ్రద్ధ, ఈ ఆపుకోవడం ఎలా ఎదుగుతాయో, హార్మోన్లకు అందులో పాత్రేంటో చూద్దాం.

రెండు నెలల పాప చూపు ఉయ్యాల బొమ్మకు అతుక్కుపోతుంది, తిప్పుకోలేక ఒక్కోసారి ఏడుస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలలకు చూపు విడిపించుకోవడం వస్తుంది. ఇక పరిశోధకులు పిల్లలతో ఆడించే చీట్ల ఆట ఒకటుంది: ముందు రంగును బట్టి వేరు చేయమంటారు, కాసేపటికి రూలు మార్చి బొమ్మను బట్టి వేరు చేయమంటారు. మూడేళ్ల పిల్లల్లో చాలామంది పాత రూలు ప్రకారమే పెడుతూ పోతారు. తమాషా ఏంటంటే, కొత్త రూలేంటని అడిగితే సరిగ్గానే చెబుతారు! ఐదేళ్లకు చాలామందికి ఇది అలవోకగా వస్తుంది. తెలియడం వేరు, తెలిసినదాన్ని బట్టి చేతిని ఆపుకోవడం వేరు. ఆ రెండో పని చూసే నుదుటి వెనక మెదడు ముదరడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. అందుకే ‘ఎన్నిసార్లు చెప్పినా వినడు’ అని వీపు మీద ఒకటి వేస్తే లాభం లేదు, వాడు విన్నాడు.

హార్మోన్ల సంగతికొస్తే, టెన్షన్ పడితే పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ మామూలుగా పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. రోజంతా డేకేర్‌లో ఉండే చిన్నపిల్లల్లో కొందరికి ఇది మధ్యాహ్నానికి తగ్గాల్సింది పోయి పెరిగినట్టు అధ్యయనాల్లో తేలింది. టెన్షన్ మరీ ఎక్కువైతే ఆ నుదుటి మెదడే ముందు తడబడుతుంది. పండక్కి వచ్చిన తల్లి మళ్లీ వలస బస్సెక్కిన వారంలో పిల్ల పలక వైపు చూడకపోతే మొండిదనకండి.

బిడ్డ కడుపులో ఉన్నప్పటి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌కూ, ఏడాది పిల్లలు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడానికీ సంబంధం కనబడిందని 2002లో కేంబ్రిడ్జి వాళ్లు రాశారు. సంబంధం అంతే, కారణం అని కాదు. ‘మగపిల్లలు అంతే’ అని దీన్ని పట్టుకుని వదిలేయకండి.

గట్టిగా చెప్పగలిగింది గొంతు దగ్గరి గ్రంథి నుంచి వచ్చే థైరాయిడ్ హార్మోన్ గురించి. పుట్టుకతోనే అది తక్కువై, మందు ఆలస్యమైతే శ్రద్ధ ఒక్కటే కాదు, మొత్తం బుద్ధి ఎదుగుదలే దెబ్బతింటుంది, పోయింది తిరిగి రాదు. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే చాలామంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారు. పసిగుడ్డుకు సూదేంటని, దీన్ని కనిపెట్టడానికి మడమ నుంచి తీసే ఆ రక్తపు చుక్కలకు అడ్డం పడకండి నాయనమ్మలూ.