ఫూజీ మీద మా రాత్రి: పైకి పోలేదు, చెప్పడానికి మిగిలాం

ఈ వీడియోలో చీకట్లో కొండ మీద చుక్కలు చుక్కలుగా లైట్ల వరుస కనపడుతోంది కదా. ఆ చుక్క చుక్కకీ కింద ఒక మనిషున్నాడు. అందులో మేం నలుగురం: నేను, మా రూమ్మేటు, వాడి బామ్మర్ది, మా ఆఫీసు అన్న ఒకాయన. 2023 ఆగస్టు, జపాన్‌లో ఫూజీ.

ప్లాను బామ్మర్దిది. ఆఫీసు అవ్వగానే టోక్యోలో బస్సెక్కడం, కొండెక్కే దారుల్లో ఒకటైన యోషిదా దారిలో ఐదో స్టేషన్ దగ్గర దిగడం, రాత్రంతా ఎక్కి పైన సూర్యోదయం చూసి వచ్చేయడం. స్టేషన్ అంటే రైలు స్టేషన్ అనుకునేరు, కొండ దారిలో మజిలీ అన్నమాట. మధ్యలో ఎక్కడా పడక లేదు. ఇలా ఎక్కడాన్ని అక్కడ 'దాంగన్ తోజాన్' అంటారు, తుపాకీ గుండులా దూసుకుపోవడమని. వద్దు మొర్రో అని అక్కడివాళ్లు చెప్తూనే ఉంటారు. వింటే కదా!

ఐదో మజిలీ 2,305 మీటర్లు, శిఖరం 3,776. "అలిపిరి మెట్లు రెండు గంటల్లో ఎక్కినోణ్ణి, ఇదెంత" అన్నాడు బామ్మర్ది. తిరుమల వెయ్యి మీటర్లు కూడా దాటదు నాయనా.

ఏడో మజిలీ దాకా వాడే ముందు. ఎనిమిదో మజిలీ, 3,100 మీటర్ల దగ్గర మాట తగ్గింది. కాసేపటికి తల పట్టుకుని బండ మీద కూలబడ్డాడు, తాగిన నీళ్లు కక్కేశాడు. శిఖరం మీద ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కింద దొరికేదాంట్లో మూడింట రెండొంతులే. ఒళ్లు దానికి అలవాటు పడాలంటే టైం కావాలి, జిమ్ము కండలు అక్కరకు రావు. బ్యాగులో చిప్స్ ప్యాకెట్ చూడండి, దిండులా ఎలా ఉబ్బిందో. బయట గాలి ఒత్తిడి అంతలా పడిపోయింది.

నన్ను మాత్రం చలి పట్టుకుంది. వేసుకున్నది కాటన్ టీషర్టు, ఎక్కేటప్పుడు చెమటకి తడిసి ముద్దయింది. పైకి పోయేకొద్దీ దారి ఇరుకై జనం నిలిచిపోయారు. రెండడుగులు, ఆగడం. మళ్లీ రెండడుగులు, ఆగడం. ఆగినప్పుడల్లా తడిబట్ట వీపుకి మంచుగడ్డలా అంటుకునేది. ఆగస్టులో కూడా శిఖరం మీద సగటున ఆరు డిగ్రీల చిల్లరే, దానికి తోడు ఈదురుగాలి. అన్న పులిహోర తెచ్చాడు, డబ్బా మూత తీద్దామంటే నా వేళ్లు వంగలేదు. పక్కనే హట్టు, అంటే కొండెక్కేవాళ్లు రాత్రి పడుకునే బస, లోపల దుప్పట్లు. బుకింగ్ లేనివాళ్లని రానివ్వరు. వాళ్లననడానికి లేదు, వద్దన్నా వచ్చింది మేం.

3,400 మీటర్ల దగ్గర అన్న మా రూమ్మేటుని పక్కకి పిలిచాడు. "ఒరేయ్, వీడికేమైనా అయితే మీ ఆవిడకి నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

ఇక చర్చ లేదు. వెనక్కి తిరిగాం.

దిగేటప్పుడు ఎనిమిదో మజిలీ దగ్గర దారి రెండుగా చీలుతుంది. పసుపు బోర్డు యోషిదాకి, ఎర్ర బోర్డు సుబాషిరికి. ఎర్ర దారి పడితే కొండకి వేరే పక్క తేలతాం, మన బస్సేమో ఇటు. నిద్రమత్తులో నేను పదడుగులు ఎర్రవైపు వేసేశా, అన్న కాలర్ పట్టి లాగాడు.

2024లో యోషిదా దారికి గేటు పెట్టారు. 2025కల్లా మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజాము 3 దాకా హట్టు బుకింగ్ ఉంటేనే వదిలే పద్ధతి వచ్చింది. రుసుము 4,000 యెన్లు, రోజుకి 4,000 మందికే అనుమతి. డబ్బులు దండుకోవడానికే ఇదంతా అనేవాళ్లున్నారు. నేననను. ఆ గేటు అప్పుడే ఉంటే మమ్మల్ని బస్సు దిగిన చోటు నుంచే వెనక్కి పంపేవాళ్లు, తిట్టుకుంటూ పోయేవాళ్లం.

సూర్యోదయం మాత్రం దొరికింది, దిగే దారిలో. ఇదిగో ఈ షాట్. చేతులు వణికి ఫ్రేము కదులుతోంది, ఎడిట్‌లో సరిచెయ్యలేదు. ఎడమ పక్కన కూర్చుని పులిహోర డబ్బా ఖాళీ చేస్తున్నది బామ్మర్దే. కిందికి దిగేకొద్దీ తలనొప్పి పోయిందట, ఆకలేసిందట. మాకు ఒక్క ముద్ద మిగల్చలేదు.