తొందరపడని పెద్దాయన: గుంటర్ వాండ్ చివరి బ్రూక్నర్ రికార్డింగులు

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడేది ఆర్కెస్ట్రాని నడిపించే ఒకే ఒక్క కండక్టర్ గురించి, అది కూడా ఆయన చివరి ఆరేడేళ్ళలో చేసిన బ్రూక్నర్ సింఫనీల గురించే. బ్రూక్నర్ అంటే పంతొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త, సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం మామూలుగా నాలుగు భాగాల్లో రాసే పెద్ద రచన. మన కండక్టర్ పేరు గుంటర్ వాండ్. 1912లో జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్‌లో పుట్టారు, 2002 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లో పోయారు. 1946 నుంచి 1974 దాకా కొలోన్‌లో గ్యుర్జెనిష్ ఆర్కెస్ట్రాతోనే ఉండిపోయారు, ఇంకో కండక్టర్ కరాయన్ పేరు ప్రపంచమంతా మోగుతున్న రోజుల్లో ఈయన్ని జర్మనీ బయట పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. హాంబర్గ్‌లో ఎన్‌డీఆర్ రేడియో ఆర్కెస్ట్రాకి 1982లో చీఫ్ అయ్యేసరికి ఆయనకి 70 ఏళ్ళు.

ఆ తర్వాత బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో వరసగా లైవ్ రికార్డింగులు వచ్చాయి. 1995లో స్వరకర్త షూబర్ట్ ‘అన్‌ఫినిష్డ్’, ‘గ్రేట్’ అనే సింఫనీలు, 1996లో బ్రూక్నర్ ఐదోది, 1998లో నాలుగు, తొమ్మిది, 1999లో ఏడు, 2001 జనవరిలో ఎనిమిది. అంటే 83 నుంచి 89 ఏళ్ళ మధ్య చేసిన పని ఇదంతా.

పెద్దవయసు కండక్టర్ అనగానే నెమ్మదిగా నడిపిస్తాడు అనుకుంటాం కదా, కొందరి విషయంలో అది నిజమే, చెలిబిడాకే అనే కండక్టర్ మ్యూనిక్‌లో చివరి రోజుల్లో చేసిన బ్రూక్నర్ ఎనిమిదో సింఫనీ వంద నిమిషాలు దాటిపోతుంది, అది వేరే అందం, దాన్ని ఇష్టపడేవాళ్ళని నేను కాదనను. కానీ వాండ్ ఎనిమిదోది గంటన్నర లోపే అయిపోతుంది. వింటుంటే మాత్రం ఎక్కడా పరిగెత్తినట్టు ఉండదు. నాకు ఆయనలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే, ఏ శిఖరం ఎంత ఎత్తుకి వెళ్ళాలో మొదటి నిమిషంలోనే ఆయనకి తెలుసు, అందుకే ముందే బలం ఖర్చుపెట్టెయ్యరు. మనవాళ్ళలో మంచి విద్వాంసుడు ఆలాపనలో తారస్థాయి షడ్జాన్ని ఎంతసేపు దాచిపెడతాడో మీకు తెలుసు కదా, అలాగన్నమాట.

ఒక్క చోటు దగ్గరగా చూద్దాం. ఐదో సింఫనీ మొదలవడమే సెల్లోలు, డబుల్ బేస్‌లు కమాను పక్కనపెట్టి వేళ్ళతో మీటడంతో, అడుగులో అడుగేసినట్టు చాలా మెల్లగా. దానిమీద పై తీగవాయిద్యాలు ఒక్కో గొంతూ వచ్చి చేరతాయి, అది కాస్తా ఆగిపోతుంది, నిశ్శబ్దం, వెంటనే ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి లేస్తుంది, దాని వెనకాలే బ్రాస్, అంటే ఇత్తడి ఊదుడు వాయిద్యాలు, గంభీరంగా అందుకుంటుంది, మళ్ళీ నిశ్శబ్దం. చాలామంది ఈ ఖాళీల దగ్గర సస్పెన్స్ పెంచుతారు. వాండ్ ఏమీ చెయ్యరు, లెక్క ప్రకారం ఆగుతారు అంతే. అలా ఆగడం వల్లే ఆ ముక్కలన్నీ ఒకే ఊపిరిలో ఉన్నట్టు వినిపిస్తాయి, చివరి భాగంలో ఫ్యూగ్ (ఒకే స్వరవరసని ఒక్కో గొంతూ వెంటవెంటనే అందుకునే అల్లిక) మీద కోరాల్ (ప్రార్థనాగీతం లాంటి వరస) వచ్చి కూర్చున్నప్పుడు గంటకి పైగా పేర్చిన రాళ్ళన్నీ ఇందుకా అని తెలుస్తుంది. బ్రూక్నర్ ఈ సింఫనీని ఆర్కెస్ట్రా వాయిస్తుండగా ఒక్కసారి కూడా వినలేదు. 1894లో గ్రాట్జ్‌లో ఫ్రాంజ్ షాల్క్ అనే కండక్టర్ దీన్ని మొదటిసారి వాయించినప్పుడు బ్రూక్నర్ జబ్బుతో వెళ్ళలేకపోయారు, పైగా షాల్క్ అందులో కోతలు కోసి వాయిద్యాలు మార్చేశాడు. వాండ్ వాయించింది బ్రూక్నర్ రాసిన ఒరిజినల్.

ఇంకో మాట, లైవ్ అంటే ఆ రాత్రి పుట్టుకొచ్చిన ఆవేశం అనుకోవద్దు. వాండ్ రిహార్సల్స్ విషయంలో చాలా మొండి, మామూలుగా ఇచ్చేవాటి కంటే ఎక్కువ కావాలని పట్టుబట్టేవారు, బెర్లిన్ లాంటి ఆర్కెస్ట్రా అయినా సరే. అన్నీ అక్కడే తేల్చుకుంటారు కాబట్టి కచేరీలో ఆయన ఎవర్నీ తోయక్కర్లేదు, వాళ్ళు ఒకరినొకరు వింటూ వాయిస్తారు. ఎనిమిదోదాంట్లో అడాజియో, అంటే నెమ్మదిగా నడిచే భాగం, వినండి, మూడు హార్ప్‌లు, వాగ్నర్ ట్యూబాలు అనే ఇత్తడి వాయిద్యాలు, చివర్లో సింబల్స్ అనే పెద్ద తాళాలు మోగే శిఖరం. చాలా రికార్డింగుల్లో ఆ చోటు పెద్ద శబ్దంగా మిగిలిపోతుంది, ఇక్కడ మాత్రం ఆ చప్పుడులో కూడా వయొలిన్ల లైను తెగదు.

తొమ్మిదోదాని గురించి తక్కువే చెప్తాను, బ్రూక్నర్ 1896లో పోయేటప్పటికి నాలుగో భాగం పూర్తికాలేదు, వాండ్ మూడు భాగాలతోనే ఆపేస్తారు. అడాజియోలో ఒకచోట ఆర్కెస్ట్రా మొత్తం ఒక భయంకరమైన అపస్వరం మీద నిలబడి, దాన్ని ఏ స్వరంలోకీ దింపకుండా అలాగే ఆగిపోతుంది. ఆ చోటుని మెత్తబరచనందుకు నేను ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడతాను.

కొత్తగా వినేవాళ్ళు నాలుగోదాంతో మొదలుపెట్టండి, హార్న్ పిలుపుతో వెంటనే లోపలికి లాగేస్తుంది, 1998 బెర్లిన్‌ది వినండి, నచ్చితే 2001 అక్టోబర్‌లో హాంబర్గ్‌లో ఆయన చేసిన చివరి కచేరీల్లోది కూడా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి వినొచ్చు. ఇప్పుడు మనకి టైమ్ ఉన్నంతవరకు ఐదోదాని మొదటి భాగం ప్లే చేస్తాను, వాల్యూమ్ మొదట్లో తక్కువగా అనిపిస్తుంది, దయచేసి పెంచమనకండి.