పొద్దుటికల్లా మోటరు తిరగాలి

పెద్దమ్మకు, అక్కకు, పరకాల, నర్సంపేట నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన రైతులకు నమస్కారం. పదోరోజున నన్ను మాట్లాడమన్నారు. పెద్దబాపు ఉంటే "మైకెందుకురా, కరెంటు దండగ" అనేవారు.

ఆయన పంతొమ్మిదేళ్లకు, 1966లో సైన్యంలో చేరారు. బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్. 1971 డిసెంబరు యుద్ధానికి తూర్పు వైపు పోయారు. ఢాకా లొంగుబాటుతో దాదాపు 93 వేల మంది పాకిస్తాన్ వాళ్లు బందీలయ్యారని మనం పుస్తకాల్లో చదివాం. పెద్దబాపును అడిగితే మాత్రం బురదలో దిగబడ్డ శక్తిమాన్ ట్రక్కు సంగతే చెప్పేవారు. రాత్రంతా దాని కింద పడుకుని తెల్లారేసరికి కదిలించారట. కాల్పుల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. చిన్నప్పుడు నాకది ఉక్రోషంగా ఉండేది, ఫ్రెండ్స్‌కు ఏం చెప్పుకోవాలి మరి!

పదిహేనేళ్ల సర్వీసు ముగించి వచ్చి, 1982లో ములుగు రోడ్డులో కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ దుకాణం పెట్టారు. మన దగ్గర కాలువల కంటే బావులు, బోర్లే దిక్కు. ఓల్టేజీ పడిపోతే మోటరు అదే నీళ్లు తోడడానికి ఎక్కువ కరెంటు గుంజుతుంది, తీగ వేడెక్కి పైపూత కరిగి కాలిపోతుంది. వరి పొట్టకొచ్చినప్పుడే ఇలా అయితే రైతు టెన్షన్ ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా? దించిన మోటరు పొద్దుటికల్లా తిరగాలి, అదొక్కటే ఆయన లెక్క. కాలిన రాగి తీగను తూకం వేసి, సంచిలో కట్టి రైతుకే ఇచ్చేవారు. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, లాభమంతా ఆ పాత రాగిలోనే ఉంటుందని. అందుకే దుకాణం పెద్దది కాలేదు. ఉద్దెర పుస్తకం మాత్రం బాగా లావెక్కింది. నెల గడిచిందంటే అది పెన్షన్ వల్లే, పెద్దమ్మ పొదుపు వల్లే.

ఇంట్లో కోపిష్టి. అన్నం ముందు మాట్లాడనిచ్చేవారు కాదు. పండగ పూట కూడా ఎవరో ఒకరు మోటరు తెస్తే పోయేవారు, పెద్దమ్మ విస్తరి ముందు ఎదురుచూసేది. అది తప్పేనని నా అభిప్రాయం, ఆయన ముందు అనే ధైర్యం లేకపోయింది. అక్క పెళ్లిలో అప్పగింతలయ్యాక మనిషి కనబడలేదు. వెతుక్కుంటూ పోతే దుకాణం షట్టర్ సగం ఎత్తి ఉంది. పట్టుపంచెతోనే కింద కూర్చుని తీగ చుడుతున్నారు. నన్ను చూసి, "ఆ పట్టకారు ఇటియ్యి" అన్నారు. గొంతు పూడుకుపోయి ఉంది. ఇద్దరం తెల్లారేదాకా మాట్లాడకుండా పని చేశాం.

గీసుగొండ నుంచి వచ్చిన తాత ఇక్కడే ఉన్నారు. తాతా, పెద్దబాపు ఆస్పత్రికి పోయే ముందురోజు విప్పిన మీ మోటరును అక్కా నేనూ నిన్న రాత్రి పూర్తి చేశాం. అన్నం తిని, పోయేటప్పుడు తీసుకెళ్లండి. రాగి సంచి పక్కనే పెట్టాం.