బిల్లు కింద సేవ్ బటన్ ఏమైంది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. కంప్యూటర్లో లెక్కలు రాసేటప్పుడు ‘మీ డిస్‌ప్లే సెట్టింగులు సరిపోవడం లేదు’ అని మెసేజ్ వస్తోందని చాలామంది అడుగుతున్నారు. జవాబులు చెప్పడానికి మన కంప్యూటర్ నిపుణులు సార్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ మిర్యాలగూడ నుంచి. చెప్పండి.

మిర్యాలగూడ: నమస్తే మేడమ్, నమస్తే సార్. నేను రైస్ మిల్లులో గుమాస్తాను. 22 ఏండ్లయింది. మొదట్లో అంతా చిట్టా, ఆవర్జానే. కంప్యూటర్ తర్వాత వచ్చింది. మొన్న మా సేఠు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిండు. పాతదే బాగుండె సార్, పెద్ద మానిటర్...

నిపుణుడు: ఇబ్బంది ఏందో చెప్పండి అన్నా.

మిర్యాలగూడ: అదే సార్. పొద్దున సాఫ్ట్‌వేర్ తెరవంగనే డిస్‌ప్లే అని ఏదో వస్తది. ఓకే కొడతా, పోతది. ధాన్యం బిల్లు తెరిస్తే రైతు పేరు, బస్తాలు, తరుగు, హమాలీ అన్నీ కనబడతయి. కింద సేవ్ బటన్ మాత్రం లేదు! వైరస్సా సార్? డేటా పోతదా?

నిపుణుడు: ఆ మెసేజ్‌లో ఫోన్ నంబర్ ఏమైనా ఉందా?

మిర్యాలగూడ: లేదు.

నిపుణుడు: మంచిది. ఉంటే మాత్రం చేయకండి, రోజూ చెప్పే మాటే ఇది. మీకు వచ్చింది తెర గురించిన సూచన. మీ డేటాకు దానితో సంబంధం లేదు. అయినా ముందు బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. ‘స్కేల్’ దగ్గర ఎంతుంది?

మిర్యాలగూడ: ఆగండి సార్... 150 శాతం. కింద 1920, 1080 అని ఉంది.

నిపుణుడు: దొరికింది. తెర ఎత్తు 1080 చుక్కలు. 150 శాతం అంటే ప్రతిదాన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దగా చూపిస్తది. 1080ని ఒకటిన్నరతో భాగించండి, లెక్కలు మీకు నేను చెప్పాలా.

మిర్యాలగూడ: 720.

నిపుణుడు: ఆ. పాత సాఫ్ట్‌వేర్లలో చాలా విండోలు 768 చుక్కల ఎత్తున్న తెర కోసం కట్టినవి. మీకున్నది 720. అందులోనూ కింద టాస్క్‌బార్ కొంత తింటది. మీ సేవ్ బటన్ తెర కింద దాక్కుంది, అంతే. 125 పెడితే 864 వస్తది, సరిపోతది. అప్పటికీ మెసేజ్ వస్తే 100 పెట్టండి. మార్చినాక సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రండి. అది మరిచిపోవద్దు.

మిర్యాలగూడ: మరి డేటా...

నిపుణుడు: పోదు అన్నా, ఇప్పుడే చెప్పాను కదా.

మిర్యాలగూడ: అసలు సంగతేందంటే సార్, ఆ 150 పెట్టింది నేనే. అద్దాలు మార్చినా చిన్న అక్షరాలు కనబడక. ల్యాప్‌టాప్ 14 అంగుళాలే.

నిపుణుడు: (నవ్వు) అట్లా చెప్పండి. తప్పేం లేదు. చిన్న అక్షరం చూడాల్సినప్పుడు విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కండి, భూతద్దం వస్తది. విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతది. రిజల్యూషన్, అంటే ఆ 1920, 1080 చుక్కల లెక్క మాత్రం తగ్గించకండి, ఉన్న జాగా ఇంకా పోతది. వీలైతే సేఠును 24 అంగుళాల మానిటర్ అడగండి.

మిర్యాలగూడ: ఆయన ఇప్పిస్తడా సార్!

యాంకర్: ధన్యవాదాలండి. దేవరకొండ నుంచి ఎరువుల దుకాణం వారు.

దేవరకొండ: సార్, నాకు బటన్లన్నీ కనబడతాయి కానీ అక్షరాలు మసకగా ఉన్నాయి.

నిపుణుడు: సాఫ్ట్‌వేర్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. అక్కడ ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ ఉంటది. అందులో అడుగున ఉన్న ఓవర్‌రైడ్ టిక్ పెట్టి ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి. కుదరకపోతే టిక్ తీసేయండి. అంతకుముందు బ్యాకప్.

యాంకర్: తర్వాత మహబూబ్‌నగర్.

మహబూబ్‌నగర్: సార్, మేము ఆఫీసు సర్వర్‌లోకి రిమోట్‌లో పోయి పని చేస్తాం. అక్కడ స్కేల్ మార్చబోతే మార్చనివ్వడం లేదు.

నిపుణుడు: రిమోట్‌లో ఉండగా మార్చనివ్వదమ్మా. అక్కడ సైన్ అవుట్ చేసి, మీ ముందున్న కంప్యూటర్లో స్కేల్ మార్చి, మళ్లీ కనెక్ట్ అవ్వండి.

యాంకర్: జడ్చర్ల, క్లుప్తంగా చెప్పండి.

జడ్చర్ల: నాకు వచ్చిన మెసేజ్‌లో నంబర్ ఉండె సార్. చేసిన. స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నరు.

నిపుణుడు: వేసుకున్నారా?

జడ్చర్ల: వేసుకున్న. బ్యాంకు పేజీ తెరవమంటే భయమై ఫోన్ పెట్టేసిన.

నిపుణుడు: బతికిపోయారు. ముందు ఇంటర్నెట్ తీసేయండి, ఆ యాప్ తొలగించండి. వేరే ఫోన్ నుంచి మీ బ్యాంకుకు చెప్పి పాస్‌వర్డ్ మార్చండి. ఖాతాలో నుంచి రూపాయి కదిలినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. డిస్‌ప్లే గురించి నిజంగా వచ్చే మెసేజ్ ఎవరికీ ఫోన్ చేయమనదు. ఎన్నిసార్లు చెప్పినా...

యాంకర్: సార్, మిర్యాలగూడ వారు మళ్లీ లైన్లో ఉన్నారు.

మిర్యాలగూడ: సార్, 125 పెట్టిన. బటన్ వచ్చింది! కానీ పొద్దుటి మెసేజ్ మళ్లీ వచ్చింది.

నిపుణుడు: సైన్ అవుట్ చేశారా?

మిర్యాలగూడ: సాఫ్ట్‌వేర్ మూసి తెరిచిన.

నిపుణుడు: అన్నా! ఇందాక నేను చెప్పిందేంది?

మిర్యాలగూడ: చేస్తా సార్, చేస్తా. బిల్లు సగంలో ఉంది, లారీ కాంటా మీద నిలబడ్డది.

యాంకర్: సరే, ముందు లారీని పంపించండి. సమయం అయిపోయింది, సార్‌కు ధన్యవాదాలు.