గురుడి దగ్గర అరగంట

వ్యాఖ్యాత: నమస్కారం. పెరట్లో టెలిస్కోప్ పెట్టుకుని ఆకాశం చూసేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది మొదటి రాత్రే “ఇంతేనా?” అంటారు. ఎందుకండీ ఆ నిరాశ?

అతిథి: ఫొటోలు చూసి కొంటారు కదా, అందుకే. కెమెరా గంటల తరబడి వెలుగును పోగుచేసుకోగలదు, కన్ను అలా చేయలేదు. పైగా మసక వెలుతురులో మనకు రంగులు సరిగా తెలియవు. ఫొటోలో ఎర్రగా మెరిసే ఓరియన్ నిహారిక (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) ఐపీస్‌లో, అంటే మనం కన్ను ఆనించి చూసే కటకంలో, బూడిదరంగులోనే కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: మరి మొదట ఏం చూడమంటారు?

అతిథి: ఏం చూశారన్నది కాదు, ఎంతసేపు చూశారన్నదే అసలు సంగతి. గురుడినే తీసుకోండి. మొదటి చూపులో తెల్లటి బిళ్ల, దానికి అటూ ఇటూ ఒకే వరుసలో చుక్కలు. 1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలవి. చాలామంది ఇక్కడితో లేచిపోతారు. అరగంట కూర్చోండి. పైన గాలి కదలికల వల్ల గ్రహం నీళ్లలో పడ్డ ప్రతిబింబంలా ఊగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఒకటి రెండు సెకన్లు గాలి నిలకడ పడుతుంది. అప్పుడు మధ్యరేఖకు రెండు వైపులా గోధుమరంగు పట్టీలు తేటగా కనిపిస్తాయి. వాటి అంచులు నున్నగా లేవని, వంకర్లు తిరిగి ఉన్నాయని తెలుస్తుంది. అంతలోనే చెదిరిపోతుంది. ఆ రెండు సెకన్ల కోసమే అంతసేపు కూర్చోవడం.

వ్యాఖ్యాత: అరగంటలో గ్రహం మీద మార్పు కూడా కనిపిస్తుందా?

అతిథి: ఎందుకు కనిపించదు! గురుడు తన చుట్టూ తాను తిరగడానికి 10 గంటలు కూడా పట్టదు. అరగంటలో దాదాపు 18 డిగ్రీలు తిరిగిపోతాడు. అదృష్టం బాగుంటే అయో ఉపగ్రహం నీడ మేఘాల మీద నల్లటి చుక్కగా పాకుతూ కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: మాగ్నిఫికేషన్ పెంచుకుంటే ఇంకా బాగా కనిపించదా?

అతిథి: పెట్టె మీద పెద్ద అక్షరాలతో 500 రెట్లు అని రాసి ఉంటే నేనైతే ఆ పెట్టె ముట్టుకోను. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను (అద్దం లేదా కటకం నుంచి వెలుగు ఒకచోట చేరే బిందువు దాకా ఉన్న దూరం) ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్. 1200 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కు 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 120 రెట్లు. ఐపీస్ మార్చి ఎంతైనా పెంచవచ్చు, టెలిస్కోప్‌లోని పెద్ద అద్దం పోగుచేసే వెలుగు మాత్రం పెరగదు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, అంతకు రెట్టింపు దాటితే ఇక మసకే. గాలి బాగాలేని రాత్రి అంతవరకూ కూడా పోలేం.

వ్యాఖ్యాత: బయట పెట్టగానే చూడటం మొదలుపెట్టవచ్చా?

అతిథి: అద్దం బయటి చల్లదనానికి సర్దుకోవాలి. లేకపోతే గొట్టంలోనే వెచ్చటి గాలి లేచి దృశ్యాన్ని చెడగొడుతుంది. కనీసం అరగంట ఆగాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికీ అంతే పడుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫోను వెలిగిస్తారు, ఇక కథ మళ్లీ మొదటికే! మసక ఎర్ర లైటు తప్ప ఏదీ వద్దు.

వ్యాఖ్యాత: మసకగా ఉన్నవాటిని సూటిగా చూడకూడదంటారు, నిజమేనా?

అతిథి: నిజమే. చీకట్లో పనిచేసే రాడ్ కణాలు రెటీనా నట్టనడుమ ఉండవు. ఆండ్రోమెడా గెలాక్సీని సూటిగా చూస్తే మధ్యలోని వెలుగే కనిపిస్తుంది. చూపు కాస్త పక్కకు తిప్పితే అది అటూ ఇటూ సాగుతుంది. గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి చూడండి, కదిలేదాన్ని కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: నగరాల్లో ఉండేవాళ్ల సంగతి?

అతిథి: గెలాక్సీలు కష్టమే. చంద్రుడికి, గ్రహాలకు, జంట నక్షత్రాలకు దీపాల వెలుతురు పెద్ద అడ్డం కాదు. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతి మామూలు కంటికే కనిపిస్తుంది. టెలిస్కోప్‌లో వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు! చంద్రుడిని మాత్రం పౌర్ణమికి కాదు, అష్టమి ప్రాంతంలో చూడండి. వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర నీడలు పొడుగ్గా పడి గుంటల లోతు తెలుస్తుంది.

వ్యాఖ్యాత: సూర్యుడు?

అతిథి: టెలిస్కోప్ ముందువైపు సరైన సోలార్ ఫిల్టర్ బిగించకుండా వద్దే వద్దు. ఫైండర్‌కు, అంటే గురి చూసుకోవడానికి పక్కన బిగించే చిన్న దుర్భిణికి కూడా మూత వేయాలి. ఐపీస్‌కు తగిలించే చిన్న ఫిల్టర్లు వేడికి పగలవచ్చు, వాటి జోలికి పోకండి.

వ్యాఖ్యాత: చివరిగా, చూపుకు పదును పెట్టే సాధన ఏదైనా ఉందా?

అతిథి: పెన్సిల్‌తో గీయడం. ఏ పట్టీ వెడల్పు, ఏది ముదురు అని గీసేటప్పుడు చూడక తప్పదు. పక్కన తేదీ, సమయం, వాడిన ఐపీస్ రాసుకోండి.

వ్యాఖ్యాత: బొమ్మలు వేయడం రాని నాలాంటివాళ్లు?

అతిథి: ఒక గుండ్రం, రెండు గీతలు వేయగలరు కదా? గురుడికి అవి చాలు.