‘ఇంకా నయం’ అనే హక్కు ఎవరిది?

సభకు నమస్కారం.

నర్సింగు, ఫిజియోథెరపీ చదువుతున్న విద్యార్థులతో పాటు చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు కూడా వచ్చిన సభ ఇది. అందుకే వైద్య పాఠం జోలికి పోకుండా, మన ఇళ్ళలో అందరూ చేసే పరామర్శ గురించి మాట్లాడదలచుకున్నాను. పెద్ద దెబ్బ తగిలిన మనిషి తన సంగతి మనతో చెప్పుకుంటాడు. మంచం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పవచ్చు, ఫోనులో చెప్పవచ్చు, బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎక్స్‌రే ఫోటో పెట్టి రెండు ముక్కలు రాయవచ్చు. అప్పుడు మనం ఏమని బదులిస్తున్నాం, ఆ బదులు విన్నాక అతని మనసు ఏమవుతోంది అన్నదే ఇవాళ్టి విషయం. ఇరవై రెండేళ్ళుగా వెన్నుపాము దెబ్బతిన్నవారి చేత వ్యాయామాలు చేయిస్తున్నదాన్ని కనుక నా ఉదాహరణలు చాలావరకు ఆ వార్డులోవే.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. చెట్టు మీద నుంచి, మిద్దె మీద నుంచి, పరంజా మీద నుంచి పడినవారు ఈ లెక్కలోకి రారు. తెలంగాణలో తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయే, మంచాన పడే గీత కార్మికులు ఎందరో ఉన్నారు కనుకనే 2024లో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో వారికి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మంచం పక్కన నిలబడినవారో, నిలబడబోయేవారో అయి ఉంటారు.

ఇక్కడ ఒక మనిషిని మీకు దగ్గరగా చూపించాలి. అతని పేరు, ఊరు చెప్పను. ముప్ఫై నాలుగేళ్ళ గీత కార్మికుడు. వాన వెలిసిన ఉదయం చెట్టు ఎక్కుతుండగా మోకు జారి పడ్డాడు. నడుము పైభాగాన వెన్నుపూస నలిగి, లోపలి వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. ఆ దెబ్బతో పోయేది నడక ఒక్కటే అని బయటివారు అనుకుంటారు. మూత్రం, మల విసర్జన మీద అదుపు కూడా పోతుంది. ఒకే వైపు పడుకుంటే చర్మం నలిగి పుండు పడుతున్నా ఆ నొప్పి తెలియదు. అందుకని రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి ఎవరో ఒకరు పక్కకు తిప్పాలి. అతనికి ఆ పని అతని భార్య చేసేది, తలగడ కింద ఫోనులో అలారం పెట్టుకుని.

మా దగ్గరికి వచ్చిన రెండో వారంలో, ఒక ఆదివారం, అతన్ని చూడడానికి ఊరి నుంచి పదకొండు మంది వచ్చారు. అంత దూరం నుంచి పనులు మానుకుని, చార్జీలు పెట్టుకుని, సంచిలో బత్తాయిలు వేసుకుని వచ్చారంటే వారికి అతని మీద ప్రేమ ఉన్నదనడంలో నాకు ఏ సందేహమూ లేదు. వచ్చినవారిలో ఒక పెద్దాయన దుప్పటి పక్కకు తీసి, పాదం మీద గట్టిగా గిల్లి, “తెలుస్తుందా తమ్మీ?” అని అడిగాడు. తెలియడం లేదని అతను తల ఊపాడు. ఆయన వెనక నిలుచున్న ఇంకొకాయన కూడా వచ్చి గిల్లాడు. అలా నలుగురు గిల్లారు, నాలుగుసార్లూ అతను తల ఊపాడు. అప్పుడు ఒక పెద్దమ్మ అతని నుదురు నిమురుతూ, “ఇంకా నయం బిడ్డా, పానం దక్కింది” అన్నది. ఆ మాటకు అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వారంతా వెళ్ళిపోయాక వ్యాయామానికి రమ్మంటే, “ఇయ్యాల వద్దు మేడం” అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ మూడు రోజులూ నేను ఆ మాట గురించే ఆలోచించాను. ‘ఇంకా నయం’ మన నోట అలవోకగా వచ్చే మాట. చెయ్యి విరిగితే తల పగలనందుకు ఇంకా నయం, కాలు పోతే రెండోది మిగిలినందుకు ఇంకా నయం. ఆ మాటలో అబద్ధం లేదు, ప్రాణం దక్కడం నిజంగానే నయం. అయితే ఆ లెక్క కట్టేది ఎవరు? పోయిందేమిటో, మిగిలిందేమిటో పక్కపక్కన పెట్టి తూచుకోవడం దెబ్బ తగిలినవాడు తనకు తాను చేసుకోవలసిన పని, దానికి అతనికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. మనం వచ్చిన ఐదు నిమిషాల్లో ఆ తూకం వేసి ఫలితం చెప్పేస్తే, పోయినదాని గురించి దుఃఖించడానికి అతనికి ఇక చోటు ఉండదు. ఏడిస్తే కృతజ్ఞత లేనివాడవుతాడు. అందుకే ముఖం తిప్పుకుంటాడు.

మరి అంత ప్రేమ ఉన్నవారు అలాంటి మాట ఎందుకంటారు? నాకు అర్థమైనంతలో, మన భయం వల్ల. కళ్ళ ముందు పడుకున్న మనిషిని చూడగానే, ఇది నాకూ జరగవచ్చు కదా అని లోపల ఎక్కడో గుండె జారుతుంది. ఆ భయాన్ని తొందరగా సర్దేసుకోవడానికి ఏదో ఒకటి అంటాం. ‘వానలో చెట్టెందుకు ఎక్కావు?’, ‘హెల్మెట్ పెట్టుకోలేదా?’, ‘ఆ రాత్రివేళ బండి తీయకపోతేనేం?’ అన్న ప్రశ్నలూ అక్కడి నుంచే పుడతాయి. ఈ లోకంలో మంచికి మంచి, చెడుకు చెడు జరుగుతాయని నమ్మాలన్న కోరిక మనిషిలో ఎంత బలమైనదంటే, ఆ నమ్మకం నిలుపుకోవడానికి దెబ్బ తిన్నవాడిలోనే తప్పు వెతుకుతామని మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల నుంచి చేసిన పరిశోధనల్లో చూపించాడు. మన ఊళ్ళో అదే పని ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అన్న మాట చేస్తుంది. మాట అన్నవారికి మనసు తేలికవుతుంది, విన్నవాడికి విరిగిన వెన్నుతో పాటు ఒక నేరం కూడా నెత్తినపడుతుంది.

సలహాల గురించి కూడా చెప్పాలి. ఎముక విరిగిందని వినగానే మనలో సగం మంది నోట వచ్చే మొదటి మాట పుత్తూరు కట్టు. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కానీ వెన్నుపాము ఎముక కాదు, మెదడు నుంచి కిందికి దిగే నరాల కట్ట. దానికి పైనుంచి కట్టు కట్టి చేసేదేమీ ఉండదు, పైగా అస్థిరంగా ఉన్న వెన్నును అటూ ఇటూ కదిలిస్తే మిగిలిన నరాలు కూడా తెగే ప్రమాదం ఉంది. (ఈ సందర్భంలో ఒక మాట: పడినవాడిని ఎక్కడైనా చూస్తే చేతులూ కాళ్ళూ పట్టి ఎత్తి ఆటోలో కుదేయకండి. మెడ, నడుము కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి.) ఆస్పత్రిలో ఉన్న కుటుంబానికి రోజుకు ఇరవై సలహాలు వస్తాయి. ప్రతి సలహాలోనూ ‘మీరు చేయవలసిందంతా చేయడం లేదు’ అన్న అర్థం దాగి ఉంటుంది. అది ఆ భార్యకు, ఆ తల్లికి గుచ్చుకుంటుంది. అడిగితే చెప్పండి, అడగకపోతే మీకు తెలిసినది మీ దగ్గరే ఉండనివ్వండి.

అంతకంటే సున్నితమైనది స్ఫూర్తి కథల సంగతి. కాలు పోయిన సుధా చంద్రన్ నాట్యం చేయలేదా, 2011లో కాలు పోగొట్టుకున్న అరుణిమ సిన్హా 2013లో ఎవరెస్టు ఎక్కలేదా అని మంచి మనసుతోనే ఫార్వార్డు చేస్తారు. నాకు ఆ ఇద్దరి మీదా ఎంతో గౌరవం ఉంది. అయినా మొదటి నెలలో, ఇంకా మంచం మీద తనంతట తాను పక్కకు తిరగలేని మనిషికి ఎవరెస్టు ఫోటో పంపితే, ‘నువ్వూ అంత ఎత్తు ఎక్కి చూపించు’ అన్న ఆదేశంలా ఉంటుంది.

నేను మా విద్యార్థులకు మేరీ వర్గీస్ గారి గురించి చెబుతుంటాను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యువ వైద్యురాలిగా ఉండగా 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని, కాళ్ళు పడిపోయాయి. తర్వాత ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నిర్మించారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథలో నన్ను ఆపేది ఒక చిన్న విషయం. కూర్చుని కూడా శస్త్రచికిత్స చేయవచ్చని ఆమెను ప్రోత్సహించినది, అక్కడే కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు పాల్ బ్రాండ్. ఆమెకు తెలిసిన పనిలోనే, ఆమె చేతులతో చేయగలిగిన పనిని ఆయన ఆమె ముందు పెట్టారు. పైగా చెయ్యి పట్టి నేర్పడానికి పక్కనే ఉన్నారు. పక్కన ఉండి చేయి అందించగలిగినవాడు ‘నువ్వు చేయగలవు’ అంటే ఆ మాటకు బరువు ఉంటుంది. దూరం నుంచి ఫోటో పంపిన మనం అంటే ఆ బరువు రాదు.

‘నేను మళ్ళీ నడుస్తానా?’ అన్న ప్రశ్న మీకు తప్పకుండా ఎదురవుతుంది. ‘ఎందుకు నడవవు, ఆరు నెలల్లో పరిగెత్తుతావు’ అనేయడం సులువు. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వెన్నుపాము మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఎంత తిరిగి వస్తుందో వైద్యులకు కూడా కచ్చితంగా చెప్పడం కష్టం. కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు. మనం వేసిన తప్పుడు భరోసా ఏడో నెలలో విరిగిపడినప్పుడు దాని కింద నలిగేది మనం కాదు. ‘నాకు తెలియదు. నీకు ఎంత భయంగా ఉందో చెప్పు, వింటాను’ అనడం కష్టమే, కానీ ఆ ప్రశ్నకు తగిన బదులు అదే. రోగులు నన్ను అడిగినప్పుడు ఎన్నోసార్లు మాట దొరకక వారి పక్కన ఊరికే కూర్చుండిపోయాను. ఆ మౌనం వల్ల ఎవరూ బాధపడినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

దూరాన ఉన్నవారు, ముఖ్యంగా అమెరికాలో, గల్ఫులో ఉన్న మనవాళ్ళు ఏం రాయాలని అడుగుతుంటారు. అతను రాసిన మాటకే బదులు రాయండి. ‘నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు’ అని రాస్తే నిద్ర గురించే అడగండి. చేతులు జోడించిన బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకుంటే, దండం ఎవరికి పెట్టారో అతనికి తెలియదు. ‘ఎలా ఉన్నావు’ అంటే అతను మొత్తం జీవితానికి లెక్క చెప్పాలి, ‘ఈ పూట ఎలా ఉంది’ అంటే ఒక పూటకు చెబితే చాలు. ‘దీనికి జవాబు రాయనక్కరలేదు’ అని చివర చేరిస్తే ఓపిక లేనివాడికి ఎంత ఊరటో నేను చూశాను. ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అని పని అతని మీదే వదిలేయకుండా, ‘శనివారం రాత్రి తిప్పే పని నేను చూసుకుంటాను, వదినను పడుకోమను’ అనగలిగినవారు దగ్గరలో ఉంటే అంతకంటే కావలసింది లేదు.

ఈ రెండు గంటలకొకసారి తిప్పే పనిని తక్కువగా చూడకండి. ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది పడక పుండ్లతో, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్లతో కొద్ది కాలంలోనే చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు తన వార్డులో ఈ నియమాన్ని రాత్రుళ్ళు కూడా తప్పకుండా పాటింపజేసి ఎందరినో బతికించారు. అక్కడే 1948లో పదహారు మందితో మొదలైన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. అలారం పెట్టుకుని లేచే ఆ భార్య చేస్తున్నదీ అంత పనే. పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమెనూ పేరు పెట్టి పలకరించండి.

మళ్ళీ ఆ గీత కార్మికుడి దగ్గరికి వస్తాను. మొదటి నెలలో అతన్ని చూడడానికి వచ్చినవారు లెక్కలేనంత మంది. మూడో నెలకు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఇల్లు చేరాక ఒక్కడే మిగిలాడు, అతనితో పాటు చెట్లెక్కిన స్నేహితుడు. ప్రతి ఆదివారం కల్లు దింపడం ముగించుకుని, చిన్న అద్దం, బ్లేడు, సబ్బు పట్టుకుని వచ్చి గడ్డం గీసేవాడు. గీస్తున్నంతసేపూ ఊరి ముచ్చట్లే: ఎవరి బర్రె ఈనింది, ఏ చెట్టు ఎంత కల్లు పారుతోంది, ఎవరి మోకు పాతబడింది. కాళ్ళ సంగతి అతను తనంతట ఎత్తితే వినేవాడు, ఎత్తకపోతే అడిగేవాడు కాదు.

పద్నాలుగో నెలలో చక్రాల కుర్చీ కొలతలు తీసుకోవడానికి నేను వారి ఇంటికి వెళ్ళినప్పుడు అది ఆదివారమే. గడ్డం సగం అయింది. అతను అద్దంలో చూసుకుంటూ, గీత కత్తి పట్టి పట్టి కాయలు కాసిన తన అరచేతులను పైకెత్తి, “ఇంకా నయం రా, చేతులున్నయ్” అన్నాడు. స్నేహితుడు “ఊఁ” అని, బ్లేడు నీళ్ళలో ముంచి, రెండో చెంప గీయడం మొదలుపెట్టాడు.